నీడలెక్క

నీడలెక్కను మొదట కనిపెట్టింది జ్వరం కోసం.

కరకట్ట తెగి లంక ఊళ్ళన్నీ మునిగిన ఏడాది, నీళ్ళు తీశాక జ్వరాలు పట్టుకున్నాయి. ఎవరు ఎవరితో కలిసి తిరుగుతారో, ఏ గుంపులో జ్వరం పుడితే ఏ గుంపులోకి పాకుతుందో ముందే తెలిస్తే టీకాలు అక్కడికి ముందు పంపొచ్చు. కానీ ఇల్లిల్లూ తిరిగి అడిగే వ్యవధి లేదు. అప్పుడు విజయవాడలోని జనాభా అంచనాల పరిశోధనశాలలో డాక్టర్ నరహరి, ఆయన దగ్గర పనిచేసే కెజియా కలిసి ఒక యంత్రాన్ని తయారుచేశారు. అది ఎవర్నీ ఏమీ అడగదు. మనుషులు వదిలిపోయిన జాడల్ని ఏరుకుంటుంది. ఫోను ఏ రోజు ఎక్కడ ఆగింది, పండగకి ఏం కొన్నారు, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రి మెట్లెక్కారు, ఇంట్లోంచి ఏ పాటలు వినపడుతున్నాయి, ఇలాంటివి. మనిషిని చూడకుండా మనిషి నీడను చూసి లెక్క కడుతుంది కాబట్టి దానికి నీడలెక్క అని కెజియానే పేరు పెట్టింది.

ఆ ఏడు టీకాలు చేరాల్సిన చోటికి చేరాయి. లంకల్లో చావులు తగ్గాయి. కెజియా తల్లి కరుణమ్మ రావిచెర్ల మిషనాసుపత్రిలో పెద్ద నర్సు. కాన్పుల వార్డులో కనపడిన ప్రతివాళ్ళకీ మా అమ్మాయి చేసిన యంత్రమే అని చెప్పుకుని మురిసిపోయింది.

జ్వరాలు పోయాయి కానీ యంత్రం మిగిలింది. కొన్నాళ్ళకి పైనుంచి కబురొచ్చింది. జనాభా లెక్కలు ఆలస్యమవుతున్నాయి, ఈలోపు రాష్ట్రంలో ఏ మతం వాళ్ళెంతమందో నీడలెక్క చెప్పగలదా అని. ముఖ్యంగా క్రైస్తవుల సంగతి కావాలన్నారు. పాత లెక్కల్లో వాళ్ళు చాలా కొద్దిమంది. బయట మాత్రం ఇంకా ఎంతోమంది దాక్కుని ఉన్నారని ఒక మాట తిరుగుతూ ఉండేది. ఆ మాట నిజమో కాదో తేల్చమన్నారు.

ఆ సమావేశంలో కెజియా తన అభ్యంతరం చెప్పింది. గుంపులు ఎటు కదులుతాయో చెప్పే యంత్రం మనిషి ఎవరికి మొక్కుతాడో చెప్పలేదంది. అందులోనూ మిషనాసుపత్రికి వెళ్ళడాన్ని క్రైస్తవానికి జాడగా తీసుకోవడం బొత్తిగా తప్పని, చుట్టుపక్కల మండలాల్లో సగం మంది పుట్టింది అక్కడేనని చెప్పింది. నరహరి ఓపిగ్గా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. కెజియాకి ఉద్యోగమిచ్చింది ఆయనే, పని నేర్పింది ఆయనే.

"జాడ జాడే కదమ్మా," అన్నాడు చివరికి. "ఏది ఉంచాలో ఏది తియ్యాలో మనం చెబితే మన పక్షపాతం అందులోకి వస్తుంది. యంత్రానికి అదేమీ లేదు."

మిగతావాళ్ళు తలలూపారు. ఆ గదిలో క్రైస్తవురాలు ఆమె ఒక్కతే కాబట్టి పక్షపాతం అన్న మాట ఎవరి మీద వాలిందో అందరికీ అర్థమైంది. కెజియా చెవులు వేడెక్కాయి. ముందున్న కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది.

నెల తిరక్కుండా అంకె బయటికొచ్చింది. ప్రతి నలుగురిలో ఒకరు.

ఆ సాయంత్రం అన్ని చానళ్ళలోనూ అదే. తెర మీద నాలుగు మనిషి బొమ్మలు గీసి ఒకదానికి ఊదారంగు పూశారు. పాత లెక్కకీ కొత్త లెక్కకీ మధ్య తేడా అంతా మతం దాచుకున్న దొంగ క్రైస్తవులే అని ఒక యాంకరు చేతులు ఊపుతూ చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ మాట టీకొట్ల దాకా వచ్చింది. పరిశోధనశాల క్యాంటీన్లో ఒక సహోద్యోగి కాఫీ కలుపుకుంటూ, అసలు అంకె ఇంకా ఎక్కువే ఉంటుందేమో, మీకు తెలిసే ఉంటుంది కదండీ అని నవ్వుతూ అడిగాడు. కెజియా పెదనాన్న కొడుకు గుంటూరులో ఇల్లు మారబోతే, ఇంటి ఓనరు మర్యాదగానే కాదన్నాడు. మీరంటే నాకేమీ లేదు, నలుగురూ ఏమనుకుంటారో అని భయం అన్నాడట. రావిచెర్లలో శ్మశానం గోడ కూలితే కట్టుకోనివ్వమని చర్చివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. ఇప్పటికే నాలుగోవంతు ఉన్నారు, ఇంకా జాగా కావాలా అని ఆఫీసులో అడిగి పంపేశారు.

ఆ ఆదివారం కెజియా రావిచెర్ల వెళ్ళింది. ఆరాధన అయ్యాక తల్లీ కూతురూ చర్చి వరండాలో కూర్చున్నారు. లోపల బెంచీలు ఎప్పట్లాగే వెనకవైపు సగం ఖాళీగా ఉన్నాయి.

"నలుగురిలో ఒకరు మనవాళ్ళే అయితే, వీళ్ళంతా ఎక్కడికి పోయారే?" అంది కరుణమ్మ బెంచీల వైపు చూస్తూ.

తల్లికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని కెజియా కాసేపు ఆలోచించింది. యంత్రం ఒక ఇంటిని చూసి వీళ్ళు క్రైస్తవులు అని గానీ కాదు అని గానీ అనదు. కాస్త అనుమానం ఉంది అంటుంది. పిల్లాణ్ణి మిషన్ బడిలో వేశారు, కాస్త అనుమానం. డిసెంబర్లో పిల్లలు ముచ్చటపడితే నక్షత్రం కట్టారు, ఇంకాస్త. మిషనాసుపత్రికి వెళ్ళారు, మరికాస్త.

"ఇలా ప్రతి ఇంటి మీదా కాస్త కాస్త ఉంటుందమ్మా. ఆ అనుమానాలన్నీ ఒకచోట పోసి, ఇదిగో ఇంతమంది మనుషులు అని చెప్పారు. ఆ మనుషులు ఎక్కడా ఉండరు."

కరుణమ్మ ఖాళీ బెంచీల వైపు మళ్ళీ చూసింది. తర్వాత, "అంటే లేనివాళ్ళని చూపించి ఉన్నవాళ్ళని కొడతారన్నమాట," అని లేచి చీర దులుపుకుంది.

అంకెతో ఆగినా ఎలాగో ఓర్చుకునేవాళ్ళు. ఆ తర్వాత పటం వచ్చింది. ఫోన్లో తెరిచి ఊరి పేరు కొడితే వీధి వీధికీ రంగు కనపడుతుంది. అనుమానం తక్కువుంటే తెలుపు, పెరిగే కొద్దీ ఊదా. ఇళ్ళ పేర్లు లేవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని పరిశోధనశాల ప్రకటన ఇచ్చింది. నిజానికి ఇళ్ళ పేర్లు లేకపోవడమే పెద్ద ఇబ్బంది అయింది. వీధి ఊదాగా కనపడగానే, ఎవరింటి వల్ల ఇలా అయిందని వీధిలోవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

రావిచెర్లలో మిషనాసుపత్రికి దగ్గరగా మగ్గాల వీధి ఉంది. నేతవాళ్ళ వీధి. అక్కడ ఒక్క క్రైస్తవ కుటుంబం లేదు. కానీ ఆసుపత్రి నాలుగడుగుల దూరంలో ఉండడంతో దగ్గు వచ్చినా అక్కడికే, కాన్పు వచ్చినా అక్కడికే. ఆ వీధిలో సగంమందికి బొడ్డు కోసింది కరుణమ్మే. పటంలో ఆ వీధి ముదురు ఊదాగా వచ్చింది.

ఆ వీధిలో శేషగిరి అనే నేతగాడు ఉండేవాడు. అతని భార్య భార్గవికి నెలలు నిండుతున్నాయి. మొదటి నెల నుంచీ కరుణమ్మే చూస్తోంది. బిడ్డ అడ్డం తిరిగే సూచన ఉందని, నొప్పులు మొదలవగానే ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మని మరీ మరీ చెప్పింది. ఈలోగా వీధి పెద్దలు శేషగిరి తల్లి వెంకాయమ్మను పిలిచి మాట్లాడారు. మీ కోడలు నెలనెలా ఆ మెట్లెక్కడం వల్లే వీధికి ఈ రంగు అన్నారు. మన ఆచారం మనం కాపాడుకోకపోతే ఎలా అన్నారు. గట్టిగా ఏమీ అనలేదు. కానీ మర్నాటి నుంచి శేషగిరి మగ్గానికి ఎక్కించే పడుగు నూలును వీధిలో సాగదీస్తుంటే చెయ్యి వెయ్యడానికి ఎవరూ రాలేదు. పడుగు పట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వెంకాయమ్మ భయపడింది. కోడల్ని ఇక అటు పంపించలేదు.

నొప్పులు మొదలైంది మిట్టమధ్యాహ్నం. శేషగిరి మిషనాసుపత్రికే తీసుకెళ్దామన్నాడు. తల్లి కాళ్ళావేళ్ళా పడి, జిల్లా ఆసుపత్రికి పోదాం, కారు మాట్లాడు అంది. కారు మిషనాసుపత్రి గేటు ముందునుంచే వెళ్ళింది. ఆ సమయానికి కరుణమ్మ గేటు దగ్గర మందుల బండి దింపిస్తోంది. కారు కిటికీలోంచి భార్గవి మొహం కనపడింది. కరుణమ్మ చెయ్యెత్తి ఆపమంది. కారు ఆగలేదు. ఊరి బయట రైల్వేగేటు వేసి ఉంది. గూడ్సు బండి వెళ్ళేదాకా ఆ ఎండలో కారు ఆగింది. జిల్లా ఆసుపత్రి చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

కబురు తెలిసి కెజియా వచ్చేటప్పటికి తల్లి వార్డు బయట స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూసుకుంటోంది.

"అరగంట పనే కెజీ," అంది. "అడ్డం తిరిగిన పిల్లల్ని ఎంతమందిని తీశాను ఈ చేతుల్తో. నా గుమ్మం ముందు నుంచి తీసుకుపోయారు."

మళ్ళీ కాసేపటికి, "ఆ యంత్రానికి పేరు పెట్టింది నువ్వే కదూ," అంది. అందులో నింద లేదు. కెజియా అవునంది. ఆ పూట తల్లి పక్కనే కూర్చుంది. వార్డులో మంచాలన్నీ ఖాళీ. ఊరు ఊరంతా ఆసుపత్రికి రావడం మానేసింది.

పరిశోధనశాలకి తిరిగి వెళ్ళాక రావిచెర్ల లెక్కలు తీసి చూసింది. మగ్గాల వీధి రంగు వెలిసి తెల్లబడుతోంది. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు లేరు కాబట్టి అనుమానం తగ్గింది. శేషగిరి ఇంటి మీద ఉన్న అనుమానం దాదాపు సున్నాకి వచ్చేసింది. అదే వారం తయారైన నివేదికలో, నీడలెక్క వచ్చాక కొన్ని పట్టణాల్లో క్రైస్తవ వ్యాప్తి వెనక్కి తగ్గిందని, రావిచెర్ల అందుకు మంచి ఉదాహరణ అని రాసి ఉంది. కెజియా ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. అరవాలనిపించింది. చుట్టూ అందరూ తలలు వంచుకుని పనిచేసుకుంటున్నారు.

ఆ నివేదికను శాసనసభ్యుల కమిటీ ముందు చదవాలి. నరహరి కెజియాని గదిలోకి పిలిచి, నువ్వే చదవమ్మా అన్నాడు. ఎందుకని అడిగితే ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు. నువ్వు చదివితే ఇది ఒక మతం మీద కక్షతో చేసిన పని అని ఎవరూ అనలేరు కదా అన్నాడు. అంకె మీద ఆమె చెప్పిన మాట వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఇప్పుడు అదే అంకెకి కాపలాగా ఆమె మొహం కావాల్సి వచ్చింది. కెజియా సరే చదువుతానంది.

కమిటీ గదిలో గోడ నిండా పటం వేశారు. కెజియా నివేదిక తెరవలేదు. పటం మీద రావిచెర్లని పెద్దది చేసి మగ్గాల వీధి చూపించింది.

"పటం వచ్చినప్పుడు ఈ వీధి ముదురు ఊదా అండి. ఇప్పుడు తెలుపు. దీన్ని మేం మెరుగుదల అని రాశాం. ఈ వీధిలో అప్పుడూ ఇప్పుడూ క్రైస్తవులు ఒక్కరు కూడా లేరు. తగ్గింది క్రైస్తవులు కాదు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు. ఇదిగో, ఈ ఇంటి మీద అనుమానం పూర్తిగా పోయింది. ఎందుకంటే ఆ ఇంట్లో కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళాల్సిన అమ్మాయి వెళ్ళకుండా చనిపోయింది. మా యంత్రానికి ఆ చావు మంచి కబురు."

నరహరి తల దించుకున్నాడు. కమిటీ అధ్యక్షుడు గొంతు సవరించుకుని, పాపం ఆ అమ్మాయి సంగతి వింటే బాధగా ఉందన్నాడు. తర్వాత, "అదంతా సరేనమ్మా. మరి అసలు ఎంతమంది ఉన్నారంటావు? నలుగురిలో ఒకరు కాకపోతే అయిదుగురిలో ఒకరా?" అని అడిగాడు.

"నాకు తెలీదండి. యంత్రానికీ తెలీదు. తెలుసుకోవాలంటే తలుపు కొట్టి అడగాలి."

"అడిగితే మీవాళ్ళు నిజం చెప్పరనే కదా ఈ యంత్రం," అన్నాడు పక్కనున్న సభ్యుడు.

కెజియా అతని వైపు తిరిగింది.

"మా అమ్మ తనను అడిగిన ప్రతిచోటా క్రైస్తవురాలినని నిజమే చెప్పింది. చెప్పినందుకు రిజర్వేషన్ దగ్గర్నుంచీ ఏమేం రాకుండా పోయాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ గదిలో అబద్ధం చెబుతున్నది మా అమ్మ కాదండి. ఆ గోడ మీది బొమ్మ."

బయట వరండాలో నరహరి ఆమెను ఆపాడు. ఆసుపత్రి జాడను తీసేయిద్దామనే అనుకుంటున్నానని, ఇలా అందరి ముందూ చెప్పే బదులు తనతో ఒక్క మాట అనుంటే బాగుండేదని అన్నాడు.

"చెప్పాను సార్. మొదటి రోజే చెప్పాను."

మర్నాడు కెజియాని ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. వారం తర్వాత వీధుల పటాన్ని ఫోన్ల నుంచి తీసేశారు. సాంకేతిక కారణాల వల్ల అన్నారు. తప్పు జరిగిందని ఎవరూ అనలేదు. అంకెను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకున్నా లాభం లేదని కెజియాకి తల్లి దగ్గరికి వచ్చిన రోజే తెలిసింది. రావిచెర్ల బస్టాండులో దిగి ఆటో ఎక్కితే, డ్రైవరు కబుర్లలో పడి, ప్రతి నలుగురిలో ఒకరంటండీ, మనం జాగ్రత్తగా ఉండాలి అన్నాడు. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరో చెప్పడమేంటండీ, లెక్కే కదా అన్నాడు. మంచివాడు. మిషనాసుపత్రి గేటు దగ్గర ఆమె దిగేటప్పుడు సంచీ కూడా అందించాడు. గేటు మీది పేరు చూసి, మళ్ళీ ఆమె మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే శేషగిరి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. కరుణమ్మ కళ్ళలోకి చూడలేక కెజియాతోనే మాట్లాడాడు. కమిటీలో మీరు చెప్పినట్టు పేపర్లో చదివాను, కోర్టుకి వెళ్తారట కదా, నేనూ వస్తాను అన్నాడు. అమ్మ వద్దంటోంది, మనల్ని కూడా వాళ్ళలో కలిపేస్తారని ఏడుస్తోంది అన్నాడు. "కలపనీండి. ఇంకేం పోవాలి నాకు?" అన్నాడు.

కరుణమ్మ అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమెకి కోపం తగ్గలేదు. "ఆరోజు కారు ఆపాల్సింది శేషూ," అంది. అతను బావురుమన్నాడు. ఆమె దగ్గరికెళ్ళి, చిన్నప్పటి నుంచీ తనకు తెలిసిన ఆ తల మీద చెయ్యి వేసింది.

వాళ్ళు వెళ్ళి కలిసిన లాయరు వసుంధర కేసు విని సంతోషించింది. శేషగిరి ఉన్నాడు కాబట్టి కేసు నిలబడుతుందంది. క్రైస్తవుడు కాని మనిషికి జరిగిన నష్టం, ఒక ప్రాణం, ఎవరూ కాదనలేరంది. తర్వాత కాస్త మొహమాటపడి, కెజియా పేరు అర్జీలో లేకపోతే ఇంకా బలంగా ఉంటుందేమో ఆలోచించమంది.

"ఏడాది నుంచి మావాళ్ళకి ఇళ్ళు ఇవ్వట్లేదు. శవాన్ని పెట్టుకునే చోట గోడ కట్టుకోనివ్వట్లేదు. అది నష్టం కాదా మేడమ్?" అంది కెజియా.

"నష్టమే. కానీ వినేవాళ్ళు తక్కువమ్మా."

శేషగిరి పక్కనే ఉన్నాడు. అతని దుఃఖం మీద కెజియాకి ఏ ఫిర్యాదూ లేదు. అయినా తన మనుషుల బాధ వినపడాలంటే ఇంకొకరి ఇంట్లో చావు కావాల్సి వచ్చిందన్నది ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. పేరు తీసేది లేదని, తన పేరే ముందు ఉండాలని చెప్పింది. శేషగిరి కూడా, ఆవిడ పేరు ముందు రాయండి అన్నాడు.

కేసు పిలిచిన రోజు కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. చానళ్ళవాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. ప్రభుత్వం తరఫు లాయరు లేచి, ఇది అంచనా మాత్రమే, ఇందులో ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదని చాలాసేపు చెప్పాడు. వసుంధర లేవబోతే న్యాయమూర్తి చేత్తోనే ఆపి, అర్జీదారులు హాజరయ్యారా అని అడిగారు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆయన ముందు శేషగిరిని చూశారు.

"మీరు క్రైస్తవులా?"

"కాదండి."

"మరి ఈ లెక్క వల్ల మీకేం నష్టం జరిగింది?"

"నా భార్య పోయిందండి. బిడ్డ కూడా," అన్నాడు శేషగిరి.

న్యాయమూర్తి ఏదో రాసుకుని, కళ్ళజోడు సవరించుకుని, కెజియా వైపు తిరిగారు. యంత్రం తయారుచేసిన వాళ్ళలో మీరూ ఒకరు కదా, మీకు జరిగిన నష్టమేంటి అని అడిగారు.

ఆమె చాలా తయారై వచ్చింది. అనుమానాన్ని మనుషులుగా ఎలా లెక్కకట్టారో, ఎక్కడెక్కడ తప్పిందో, అంతా నోటికి వచ్చు. కానీ ఆ ప్రశ్న విన్నాక అవేవీ ముందు రాలేదు. ఇంతకాలంలో ఎవరైనా ఆమెను ఇలా అడగడం ఇదే మొదటిసారి.

"మమ్మల్ని ఒక్క మాట అడగకుండా మా గురించి అందరికీ చెప్పేశారండి," అంది. "ఇప్పుడు మీరు అడిగారు. చెబుతాను."

న్యాయమూర్తి కలం కింద పెట్టి, చెప్పమన్నారు.